ముందు నువ్వు పండుకో

"నేను పండుకోను. ముందు నువ్వు పండుకో," అంది ఆశ, సోనోగ్రఫీ గది తలుపు గట్టిగా పట్టుకుని.

తల్లి రమకు కోప్పడే ఓపిక కూడా లేదు. నెల క్రితం పిల్లకు జ్వరం వచ్చింది. తగ్గిందనుకునేలోపు మొహం ఉబ్బి, మూత్రం ఎర్రగా రావడం మొదలైంది. అప్పట్నుంచి దుర్గాపూర్‌లో ఆటో ఎక్కడం, చంద్రపూర్ ఆసుపత్రిలో లైన్లో నిలబడటం, ఇదే బతుకు. ఈ తిరుగుడుకే కాబోలు, కాళ్లు వాచి చెప్పులు కూడా పట్టడం లేదు. నడుం నొప్పికి రోజూ మింగే గోళీ ఇవాళా మింగింది. జబ్బు వల్ల పిల్ల కిడ్నీలు చెడి చిన్నగైపోయాయేమో స్కానింగులో చూడాలని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి అన్నం కూడా సయించడం లేదు.

స్కానింగు డాక్టరు పెద్దాయన. ఆశను చూసి మరాఠీలో ఏదో అన్నాడు. గని పని చేసే పోశాన్ని పెళ్లి చేసుకుని ఇక్కడికొచ్చి పన్నెండేళ్లయినా, రమది కూరగాయలు బేరమాడే మరాఠీయే. డాక్టర్ల దగ్గర ఆమెకు నోరూ చెవులూ నాలుగో తరగతి చదివే ఆశే.

"సరే, ముందు అమ్మకే చూద్దామంటుండు," అంది ఆశ గెలిచినట్టు.

రమ సిగ్గుపడుతూ మంచమెక్కింది. ఈ నెలలో పగటిపూట నడుం వాల్చడం ఇదే మొదలు. డాక్టరు చల్లటి జెల్లు రాసి, పక్కకు తిప్పి, ఊపిరి బిగబట్టించి, చాలాసేపు చూశాడు. పిల్ల భయం తీర్చడానికి ఇంత కష్టపడేవాళ్లు ఎక్కడుంటారు, దేవుడు, అనుకుంది రమ.

తర్వాత ఆశ తనే మంచమెక్కి పడుకుంది. రమ తెర వైపు చూసే ధైర్యం లేక గోడ వైపు తిరిగి నిలబడింది. పనైపోయాక డాక్టరు మరాఠీలో నెమ్మదిగా చెప్పుకుంటూ పోయాడు. ఆశ తలూపుతూ వింది.

"ఏమన్నడే?" అడిగింది రమ.

"నా కిడ్నీలు మంచిగున్నయంట. ఇంక భయం లేదంట."

రమకు ఏడుపొచ్చేసింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, డాక్టరుకు దండం పెట్టి, కాలితో చెప్పులు వెతుక్కుంది. ఇంటికి పోయి రెండు ముద్దలు తిని పడుకోవాలి, అంతే.

ఆశ కదల్లేదు. తల్లి చెయ్యి పట్టుకుంది.

"చెప్పులు తొడగకమ్మా. నిన్ను మళ్ల పండుకోమంటుండు. చిన్నగైపోయినయి నీ కిడ్నీలంట."