శనగలావిడ

"అన్నం ఇంకో గరిటె వెయ్యమ్మా!"

డిపో క్యాంటీన్లో కొత్తగా చేరిన పెద్దావిడ వెయ్యలేదు సరికదా, పళ్లెంలో ఉన్న అన్నం సగం తీసేసి, ఆ చోట ఉడికించిన శనగలు వడ్డించింది.

డ్రైవరుకు ఒళ్లు మండిపోయింది.

"శనగలు తినడానికి నేనేమన్నా గుర్రాన్నా?"

"గుర్రం మధ్యాహ్నం పూట కునికిపాట్లు పడదు అబ్బాయ్. లైన్లో మాత్ర మింగావు, చూశాలే. షుగరెంత?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు.

ఆయనకు మాత్రం నవ్వు రాలేదు. మూడు నెలల్లో షుగరు దిగకపోతే స్టీరింగు వదిలి టికెట్ల గదిలో కూర్చోవాలని డిపో డాక్టరు ఆ పొద్దునే తేల్చి చెప్పాడు. ఇరవై రెండేళ్లుగా బస్సే లోకమైన మనిషి.

"మాత్రలు వేసుకుంటున్నాగా!" అని కసిరాడు.

"మానమన్నానా? వేసుకో. ఇదీ తిను. ఉత్త అన్నం తింటే షుగరు పరిగెడుతుంది. ఇవి తోడుంటే నెమ్మదిగా నడుస్తుంది."

డాక్టరును అడిగితే, "మంచిదేనయ్యా, మాత్రలు మాత్రం మానకు" అన్నాడు.

మర్నాడు అలసందలు. ఆ మర్నాడు పెసలు. మళ్లీ శనగలు.

ఆయన రోజూ సణిగాడు, రోజూ తిన్నాడు. వెనకాల 'శనగలావిడ' అని పేరు పెట్టి నవ్వాడు కూడా.

నెల తిరిగేసరికి మధ్యాహ్నం ట్రిప్పులో కళ్లు మూతలు పడటం మానేశాయి.

మూడు నెలలు నిండాయి.

"మూడు నెలల సగటు షుగరు తొమ్మిదిన్నర నుంచి ఆరు పాయింట్ ఎనిమిదికి దిగింది! ఏం చేశావయ్యా?" డాక్టరు కుర్చీలోంచి లేచాడు.

"శనగలు తిన్నానండీ!"

"పో, స్టీరింగు నీదే!"

రిపోర్టు జెండాలా ఊపుకుంటూ క్యాంటీన్‌కి పరిగెత్తాడు. డ్రైవర్లంతా ఈలలు వేశారు, ఇద్దరు భుజాలకెత్తుకున్నారు.

వడ్డించే చోట ఇంకెవరో ఉన్నారు.

"ఆవిడేదీ?"

"నిన్నటితో మానేసింది. కూతురి దగ్గరికి వెళ్లిపోయింది" అన్నాడు ముసలి వంటమనిషి. "వెళ్తూ వెళ్తూ, 'ఆ అబ్బాయి గెలుస్తాడు చూడు' అంది."

"పేరు కూడా అడగలేదు నేను. ఇంతకీ ఎవరావిడ?"

వంటమనిషి గరిటె పక్కన పెట్టాడు.

"నువ్వు చేరకముందు ఈ డిపోలో బస్సు తోలిన మొట్టమొదటి ఆడమనిషయ్యా, షుగరు ఒక కంటి చూపు మింగేస్తే, నలభై నిండకుండానే స్టీరింగు వదిలేసింది."