ఎవరూ చూసుకోలేదు

“ఈ పనిలో అనుభవం ఉండాదా?” కుర్చీలో వెనక్కి వాలి, పెద్ద సారులాగా అడిగాడు మంజు.

“ఉండాది సార్. మా మామను నేనే చూసుకుంటా ఉండాను,” అంది అతని భార్య సౌభాగ్య. ముసలివాళ్లను చూసుకునే పనికి రేపు బెంగళూరులో ఆమెకు ఇంటర్వ్యూ.

మంచం మీద మంజు తండ్రి కృష్ణప్ప భగ్గుమన్నాడు. “అబద్ధం! నన్నెవురూ చూసుకునేది లేదు. ఊరిగాం బంగారు మైన్లో పాతాళం దాకా దిగినోణ్ణి. నా మూతి నేనే తుడుచుకుంటా, నా పంచె నేనే కట్టుకుంటా. యాడనో ఎవురివో ఉచ్చలెత్తేదానికి నా పేరు చెప్తావా?”

సౌభాగ్యకు ఒళ్లు మండింది. “సరే మామా. ఈ పొద్దు అట్లే చేసుకో.” చేతులు కట్టుకుని గడప మీద కూర్చుంది.

అంతలో దగ్గు తెర ముంచుకొచ్చింది. కృష్ణప్ప చెయ్యి అలవాటుగా పక్కకు పోయింది. తువ్వాలు లేదు. అది ఆమె భుజం మీదే ఉంది. మంచమే తనను మోసం చేసినట్టు ముసలాయన దాన్నే ఉరిమి చూశాడు.

సౌభాగ్య వైపు చూడనే లేదు. ఆయన అబద్ధం ఆడలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ ఆ చెయ్యి వెతుక్కోకముందే తువ్వాలు అక్కడ ఉండేది.

లేచి వెళ్లి, భుజం మీది తువ్వాలు తీసి ఆయన చేతి కిందికి జరిపింది.

కృష్ణప్ప మూతి తుడుచుకున్నాడు. “చూస్తివా? ఎవురు తుడిచిరి?”

సౌభాగ్య మొగుడి వైపు తిరిగింది. “ఇంగోసారి అడుగు.”

“అనుభవం ఉండాదా?”

“ఉండాది సార్. కావాలంటే మా మామను అడగండి. ఎవురూ చూసుకోలేదనే చెప్తాడు.”