ఆఖరాయన

సెలూన్లో ఆయన పేరు ఆఖరాయన.

ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చేవాడు. తన వంతు పక్కవాళ్ళకి ఇచ్చేసి, అందరిదీ అయ్యాక కుర్చీ ఎక్కేవాడు. గీయడానికి గడ్డం కూడా సరిగా ఉండేది కాదు. చెంప బార్బర్ చేతికి అప్పగించి, కళ్ళు మూసుకుని, కలగంటున్నట్టు ఉండిపోయేవాడు.

ఈయనగారి వల్ల భోజనం ఎప్పుడూ ఆలస్యమేనని బార్బర్ విసుక్కునేవాడు.

ఆ ఆదివారం ఆయనకి నురగ పూస్తుండగా బార్బర్ ఛాతీ మీద ఎవరో బండ పెట్టినట్టయింది. ఒళ్ళంతా చెమటలు. ముఖాన నురగతోనే ఆఖరాయన రోడ్డు మీద పోతున్న కారొకటి ఆపి, అతన్ని ఆసుపత్రికి చేర్చాడు.

డాక్టరమ్మ వరసగా అడిగింది. సిగరెట్లు? లేవు. షుగరు, బీపీ? లేవు. వయసు? ముప్పై తొమ్మిది. ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు?

"అమ్మకి లేదండీ. నాన్న నా చిన్నప్పుడే మమ్మల్ని వదిలేసి పోయాడు. ఆ మహానుభావుడి ఊసెందుకులెండి."

ఆఖరాయన ఎండిపోయిన నురగ తుడుచుకుంటున్నాడు.

ఈసీజీ బాగానే ఉంది. గ్యాస్ అయ్యుంటుంది, ఇంటికి వెళ్ళమంది డాక్టరమ్మ. బార్బర్ చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే, ఆఖరాయన ఆవిడ వెనకాలే నడవాలోకి వెళ్ళాడు. ఏం చెప్పాడో ఏమో, ఆవిడ గబగబా తిరిగొచ్చింది.

"పడుకోండి. ఇంకా పరీక్షలు చెయ్యాలి."

గుండె రక్తనాళం ఒకటి తొంభై శాతం పూడుకుపోయింది. ఇంటికి వెళ్ళి ఉంటే అంతే సంగతులట.

మణికట్టులోంచి సన్నటి తీగ పంపి, నాళం తెరిచి, స్టెంటు వేస్తున్నారు. మందు మత్తులో బార్బర్ ఎక్కడికో తేలిపోయాడు. తన సెలూన్ అద్దం కనిపించింది. అందులో రెండు ముఖాలు. ఒకదాని నిండా నురగ. ఎంత తుడిచినా పోవడం లేదు.

మత్తు వదిలేసరికి ఆఖరాయన లేడు. ఆ తరవాతి ఆదివారాలూ రాలేదు. పక్కవీధిలో అద్దెగది ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయాడని తెలిసింది.

బార్బర్‌కి మనసు మనసులో లేదు. ప్రాణం నిలబెట్టిన మనిషికి ఒక్క మంచిమాట చెప్పలేదు. అందరిదీ అయ్యాక, భోజనానికి లేవకుండా ఖాళీ కుర్చీ పక్కనే నిలబడుతున్నాడు.

నెల తరవాత చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు అడిగాడు.

"ఆరోజు ఆయన మీకేం చెప్పారండీ?"

డాక్టరమ్మ ఫైలు అతని వైపు తిప్పింది. అమ్మానాన్నల జబ్బుల గడిలో ఆవిడ చేతిరాత ఉంది.

'తండ్రికి నలభై రెండో ఏట గుండెపోటు. ఈ సంగతి చెప్పింది: రోగి తండ్రి.'