మోటారు ఇంకా బదులివ్వలేదు

"మోటారు ఆపినాను నాయనా, దిగు," అంది జయంతి. ఫోను తెర మీద 'ఆగింది' అని పచ్చగా కనబడుతోంది.

"నీ వెబ్‌పేజీని నమ్మి దిగుతాండా పాపా. సచ్చినానంటే నీదే పూచీ," అని నవ్వి, మోటారుకు చుట్టుకున్న చెత్త తీయడానికి సుంకన్న చీకటి బావిలోకి దిగాడు. తొమ్మిదికి కరెంటొస్తుంది. ఈ రాత్రి నీళ్లు పారకపోతే వేరుశనగ దక్కదు.

తొమ్మిదికి ఐదు నిమిషాలున్నాయనగా జయంతికి తట్టింది. ఫోను నుంచి మోటారు ఆపే ఆ పేజీ రాసింది తనే. రైతులు విసుక్కుంటున్నారని, మోటారు బదులిచ్చేదాకా ఆగకుండా, నొక్కగానే 'ఆగింది' అని చూపేలా మార్చింది. అసలు బదులు వెనకాల ఎప్పుడో వస్తుంది. ఇంకా రాలేదు. కరెంటు లేక మోటారు ఊరకుంది, అంతే. కరెంటు రాగానే దానంతటదే తిరుగుతుంది. చేత్తో ఆపుదామంటే, స్టార్టరు పెట్టె తాళంచెవేమో నాయన మొలతాడుకే ఉంది.

"నాయనా, పైకి రా!"

బదులు లేదు. శింగనమల రోడ్డు మీద బస్సు చప్పుడు కూడా సన్నగిల్లి ఆగిపోయింది.

"తీగ ముట్టుకోవద్దు నాయనా!"

చాలాసేపటికి లోపలి నుంచి, "వస్తాండాలే," అని వినపడింది. అది మొదటి కేకకు బదులు. ఇంకాసేపటికి, "ముట్టుకోలేదులే పాపా." అది రెండోదానికి.

జయంతి ఊపిరి పీల్చుకుంది. మూడో మాట ఆమె ఇంకా అడగనేలేదు. అయినా మూడో బదులు వచ్చింది.

"కరెంటొచ్చె గదా పాపా," అంది బావిలోని గొంతు, చాలా మెల్లగా.

ఆమె స్టార్టరు పెట్టె వైపు తిరిగింది. కరెంటొస్తే వెలిగే దాని ఎర్రబల్బు ఇంకా వెలగలేదు. తొమ్మిది కావడానికి ఇంకా ఒక నిమిషం ఉంది.