కోరిన్‌ని ఎరగని వీధి

బూడిదరంగు కారు మలుపులో ఆగగానే మిస్ ఒడెస్సా వంటింటి కిటికీ రెక్కను రెండుసార్లు గట్టిగా కొట్టింది.

అమెరికాలో నార్ఫోక్ అనే రేవు పట్నంలోని ఆ వీధిలో ఆ చప్పుడుకి అర్థం అందరికీ తెలుసు. అప్పులవాళ్ళు వచ్చారు.

పక్కింటి కోరిన్ తింటున్న పళ్ళెం వదిలేసి, పెరటి గుమ్మంలోంచి ఒడెస్సా వంటింట్లోకి వచ్చిపడింది. ఆమె నౌకాదళం ఓడల యార్డులో ఎలక్ట్రీషియను. పని బట్టలు ఇంకా మార్చుకోలేదు.

"వాడేనే, టోపీవాడు. ఇది మూడోసారి," అంది ఒడెస్సా.

"ట్రక్కు పట్టుకుపోయారు. ఇంకేం మిగిలిందని? నేనా?"

"నిన్ను పట్టుకుపోతే తిండి పెట్టలేక వాడే తెచ్చి దింపుతాడు."

కోరిన్ నవ్వలేదు. మూత్రపిండాలు చెడి ఆమె భర్త రే పోయాడు. ఆసుపత్రి బిల్లులు ఉండిపోయాయి.

"ఆ దివాలా కోర్టుకి వెళ్ళి చేతులెత్తెయ్యరాదటే?"

"వెళ్తే పైవాళ్ళకి తెలుస్తుందమ్మా. ఈ ఏడాదే నా భద్రతా అనుమతి మళ్ళీ పరిశీలిస్తున్నారు. అప్పుల్లో మునిగినవాళ్ళు రహస్యాలు అమ్ముకుంటారని వాళ్ళ భయం. అనుమతి పోతే నన్ను జలాంతర్గామిలో అడుగు పెట్టనివ్వరు. పని పోతుంది. పని లేకపోతే అప్పెలా తీర్చను?"

"తీర్చకపోతే?"

"అప్పుడూ అనుమతి పోతుంది."

తలుపు చప్పుడైంది. కోరిన్ ఫ్రిజ్ వెనక నక్కింది. ఒడెస్సా గొలుసు తియ్యకుండా తలుపు ఓరగా తెరిచింది.

"కోరిన్ టాలివర్ గారు పక్కింట్లోనే ఉంటారా మేడమ్? ఫోను ఎత్తడం లేదు."

"ఆ పేరే వినలేదు. పక్కింట్లో దయ్యాలుంటాయి."

అతను టోపీ తీసి, జేబులోంచి గుర్తింపు బిళ్ళ తీసి చూపించాడు.

"బాబూ, ఈ వీధిలో ట్రక్కు ఎత్తుకుపోయినవాడు ఇంతకంటే పెద్ద బిళ్ళ చూపించాడు."

"ఆవిడ ఎలాంటి మనిషో ఒక్క మాట చెబితే చాలండి."

ఫ్రిజ్ వెనకనుంచి కోరిన్ వద్దు వద్దని చెయ్యి ఊపింది.

"ఎరగని మనిషి గురించి ఏం చెప్పను నాయనా?"

అతను టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు.

"అందరూ ఇదే మాట చెప్పారండి," అన్నాడు నీరసంగా.

వెళ్తూ వెళ్తూ, గాలికి రోడ్డు మీదికి దొర్లిన చెత్తడబ్బాను ఎత్తి కోరిన్ ఇంటి ముందు నిలబెట్టాడు.

"చూడు, చెత్త కూడా వదలడం లేదు," అంది ఒడెస్సా.

ఆ సాయంత్రం వీధి వీధంతా గర్వపడింది. అలాంటి పేర్లు అలాస్కాలో ఉంటాయేమో వెతుక్కోమన్నానని ఎదురింటి లాయిడ్ అందరినీ నవ్వించాడు. కోరిన్ కోసం ఆ మాత్రం అబద్ధం చెప్పరా మరి? తుపానుకి తీగలు తెగిపోయినప్పుడు ఇంటింటికీ తిరిగి దీపం వెలిగించింది కోరినే.

ఆ రాత్రి ఆమె అందరికీ చేపలు వేయించి పెట్టింది.

నెల తర్వాత యార్డు గేటు దగ్గరే ఫోర్‌మన్ హేన్స్ ఆమెను ఆపాడు.

"బ్యాడ్జి ఇచ్చెయ్ కోరిన్. అనుమతి నిలిపేశారు."

ఆమె మెడలో బ్యాడ్జిని గుప్పిట్లో బిగించింది. "అప్పుల వల్లేనా?"

"కాదు. ఆసుపత్రి అప్పులు ఎవరికి లేవు? దివాలా కోర్టుకెళ్ళి తేల్చుకున్నవాళ్ళు మన షెడ్డులోనే ఇద్దరున్నారు. నన్నడిగితే చెప్పేవాణ్ణి కదా."

"మరెందుకు?"

"నువ్వు ఇచ్చిన అడ్రసులో నువ్వుండవట. ఆ వీధిలో నిన్నెరిగినవాళ్ళు ఒక్కరూ లేరట. విచారణకి వచ్చినాయన మూడుసార్లు తిరిగాడట పాపం."

కోరిన్ గుప్పిట నెమ్మదిగా వదులైంది.

"టోపీ పెట్టుకునే మనిషా?"

"ఆఁ, ఆయనే. నీ గురించి ఎవరైనా ఒక్క మంచి మాట చెబితే రాసుకుపోదామని వచ్చిన ప్రభుత్వం మనిషి."