అంచుమీద అద్దం

“ఈ శనియన్ రిమోటు మళ్ళీ చచ్చింది,” అంటూ రాజ్‌మోహన్ దాన్ని అరచేతికేసి కొట్టాడు.

కృత్తిక తల ఎత్తకుండా తన పని చూసుకుంది. ఈ పూట నాయినను కదిలిస్తే బెంగళూరులో వచ్చిన పరిశోధన సీటు గంగపాలే. పోదనూరులో సొంత మోటారు పంపుల ఫ్యాక్టరీ ఉండగా ఒక్కగానొక్క కూతురు గాజుబిళ్ళల వెంట పోతాననడం ఆయనకు మింగుడుపడలేదు. నెలల తరబడి కాదని, నిన్న ఒక్క మెట్టు దిగాడు.

“కరెంటుతో ఆ గాజు మారేది నా కంటికి చూపించు. అప్పుడు పో.”

బల్లమీద మసకగాజు బిళ్ళ, దానికి వైర్లతో ఓ చిన్న పెట్టె. పెట్టెలో కొత్త బ్యాటరీలు వేసి కృత్తిక వేణ్ణీళ్ళకు వంటింట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి నాయిన కుర్చీలోంచే ఛానళ్ళు మారుస్తున్నాడు.

వెడల్పాటి పళ్ళెంలో వేణ్ణీళ్ళు పోసి, మధ్యన స్టీలు గిన్నె పెట్టి, గాజును ఆ గిన్నెలో ఉంచింది. ఆమె పుట్టినప్పుడు నాయిన కొన్న గిన్నె అది.

“దీంట్లో ఉండేది నీళ్ళూ కాదు, రాయీ కాదు నాయినా. చల్లగా ఉంటే శాన కరెంటు కావాల. వేడెక్కి మారే అంచుకు వస్తే రవ్వంత చాలు.”

“అంచు దాటితే?” వేణ్ణీళ్ళ చెంబుతో నిలబడ్డ అవ్వ చెల్లమ్మాళ్ అడిగింది.

“కరెంటు లేకనే తేటైపోతాది. అది నా గెలుపు కాదు.”

“మీ నాయినా ఇట్లనే. అదను చూసి అడగాల,” అంటూ అవ్వ మళ్ళీ చెంబు వంచింది.

“పోదుం, చాలు అవ్వా, ఇంక నీళ్ళు పొయ్యొద్దు!” కృత్తిక కంగారుగా స్విచ్ వేసింది.

మసక విడిపోయింది. గిన్నె అడుగున తమిళంలో చెక్కించిన ఆమె పేరు గాజులోంచి తేటగా కనిపించింది.

రాజ్‌మోహన్ గాజును చూశాడు. పెట్టెను చూశాడు. కూతురి ముఖంకేసి చాలాసేపు చూశాడు.

“సరి. పోయిరా కన్నూ,” అన్నాడు.

“చూస్తివా అవ్వా, రవ్వంత కరెంటు!” కృత్తిక అవ్వను వాటేసుకుని ఏడ్చేసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని వైర్లు చుట్టసాగింది.

నాయిన టీవీ ఆపి రిమోటు ఆమె ముందుకు జరిపాడు.

“దీంట్లో ఉండే నీ బ్యాటరీలు మరవొద్దు.”