పెద్దాయన నవ్వు

"ఈ నవ్వు ఆయనది కాదు బాబూ," అంది పెద్దాయన భార్య.

శిల్పి గుండెల్లో రాయి పడింది. మర్నాడు పొద్దున్నే అచ్చు తీసేవాళ్లు వస్తున్నారు. అచ్చు తీసి కంచు పోశాక, దేవుడు దిగొచ్చినా ఆ ముఖంలో ఒక్క ముడత మార్చలేడు. అందుకే మట్టిబొమ్మను ఇంటావిడ చూసి సరేనంటేనే పోత పోయాలని ముందే అనుకున్నారు. ఆవిడ వచ్చి తలూపి వెళ్లిపోతుందనే అందరూ అనుకున్నారు కూడా.

ఊళ్లో కుళాయి తిప్పితే నీళ్లొస్తున్నాయన్నా, ఆసుపత్రిలో డాక్టరు దొరుకుతున్నాడన్నా అది పెద్దాయన చలవే. జీవితమంతా ఊరికే ధారపోశాడు. ఆయన పోయాక కూడలిలో విగ్రహం పెట్టాలని ఊరు ఒక్కమాట మీదకొచ్చింది. నడుం దాకా బొమ్మ. జనాన్ని పలకరిస్తూ పైకెత్తిన కుడిచేయి, పెదాల మీద చల్లటి నవ్వు. శిల్పి గోడకు అంటించుకున్న ఫొటోలన్నిట్లోనూ అదే చేయి, అదే నవ్వు.

"ఏం బాగాలేదు వదినా?" అన్నాడు పెద్దాయన తమ్ముడు. విగ్రహం కమిటీకి అధ్యక్షుడు ఆయనే. "అచ్చం అన్నయ్యే లేచొచ్చి నిలబడ్డట్టుంటే!"

"ఫొటోలో ఆయనలా ఉంది చిన్నా. ఇంట్లో ఆయనలా లేదు."

ఊళ్లో ఆవిడకు నోట్లో నాలుక లేని మనిషని పేరు. ఎన్ని సన్మానాలు జరిగినా వేదిక మీద ఆయన పక్క కుర్చీలో, ఆయనకు పడిన దండలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. అంతకుమించి ఆవిడ గొంతెలా ఉంటుందో కూడా ఎవరికీ తెలీదు.

"ఎలా ఉండేవారో చెప్పండమ్మా. ఇంకా తడి ఆరలేదు, మార్చొచ్చు," అన్నాడు శిల్పి.

"పెదాలు మూసెయ్యి."

శిల్పి చెక్కపుల్లతో నవ్వు చెరిపేశాడు.

"అది చాలదు. ఇంకా బిగించు. పళ్లు కొరుకుతున్నట్టు తెలియాలి. ఆ, దవడ దగ్గర నరం ఒకటి లేస్తుంది. కుడివైపు."

శిల్పి మట్టి ముద్ద చిన్నది తీసి దవడ కింద అద్దాడు. ఆవిడ దగ్గరికొచ్చింది. కనుబొమలు దగ్గరకు లాగమంది. ఎడమకన్ను కాస్త చిన్నది చేయమంది. ముక్కుపుటాలు ఉబ్బాలంది. ఒక్కమాటకైనా తడుముకోలేదు. పనిలో తలపండిన మేస్త్రీలా చెప్పుకుపోతోంది. శిల్పికి మొదట విసుగొచ్చింది, తర్వాత ఉత్సాహం పట్టుకుంది. ఫొటోలు చూసి నెలల తరబడి చేసిన ముఖంలోకి రాని ప్రాణం, ఇప్పుడు వేళ్ల కింద లేచొస్తోంది. ఎంతటి పనివాడికైనా ఆ మత్తు చెడ్డది. ఎవరి ముఖం చేస్తున్నాడో కాసేపు మరిచేపోయాడు.

అధ్యక్షుడికి మాత్రం ఒళ్లు మండిపోయింది.

"ఏంటిది వదినా? ఇది పెడితే కూడలిలోంచి వెళ్లే పిల్లలు జడుసుకుంటారు! ఏమయ్యా, ఆవిడంటే దుఃఖంలో ఉంది. నీకేమైంది?"

"ఆవిడ ఒప్పుకోవాలని మీరేగా అన్నారు!"

"అన్నాను. అయితే మాత్రం? ఆ ఇంట్లోనే పుట్టాను, ఆ ఇంట్లోనే పెరిగాను. పెళ్లయ్యేదాకా అన్నయ్య నీడలోనే ఉన్నాను. ఇలాంటి ముఖం ఒక్కనాడు చూసి ఎరగను!"

"అవును చిన్నా, నువ్వు చూసి ఎరగవు," అందావిడ. కోపమేమీ లేదు ఆ గొంతులో. "బాబూ, అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా. వెలుతురు సరిగా పడటం లేదు, ఉండండి, ఇటు తిప్పుతాను."

బొమ్మ కింద తిరిగే బల్ల ఉంది. శిల్పి దాన్ని పట్టుకుని ఒక్కసారిగా కిటికీవైపు తిప్పాడు. బిగుసుకున్న ఆ దవడ, ఆ చిన్నకన్ను, పైకెత్తిన ఆ కుడిచేయి గిర్రున వచ్చి ఆవిడ ఎదురుగా ఆగాయి.

ఆవిడ తల దించేసి, మోచేయి ముఖానికి అడ్డం పెట్టుకుంది. రెండో చెయ్యి చెవి మీదకు పోయింది. భుజాలు ముడుచుకుని, దెబ్బ కోసం ఎదురుచూస్తూ అలాగే ఉండిపోయింది.

శిల్పికి చేతులకంటిన మట్టి అసహ్యంగా అనిపించింది. ఇన్నాళ్లూ తను ఎంతో ముచ్చటపడి మలిచిన ఆ పైకెత్తిన చేతివైపు మళ్లీ చూడలేకపోయాడు. అధ్యక్షుడు జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

కాసేపటికి ఆవిడే మోచేయి దించింది. జుట్టు సవరించుకుంది.

"ఇదే ఆయన," అంది.

"ఇలాగే... ఇలాగే పోత పోయమంటారా అమ్మా?"

"వద్దు బాబూ. పాత నవ్వే పెట్టెయ్యి. ఊరికి ఆయన నిజంగానే మేలు చేశాడు, అందులో అబద్ధమేమీ లేదు. వాళ్లకు తెలిసిన ముఖమే వాళ్లకుండనీ."

"మరి ఇంతసేపూ నాచేత ఇది ఎందుకు చేయించారమ్మా?"

ఆవిడ గుమ్మందాకా వెళ్లి ఆగింది. వెనక్కి తిరిగి, రుమాలు చేత్తో పట్టుకుని నేలచూపులు చూస్తున్న మరిదివైపు చూసింది.

"మా చిన్నోడు పక్క గదిలోనే పడుకునేవాడు. పెళ్లయ్యేదాకా చప్పుళ్లన్నీ విన్నాడు, ఒక్కసారైనా తలుపు తీసి చూడలేదు. వాడికి చూపిద్దామని."